కృష్ణానది – రాళ్లు లేని నేల

ఈ నెల గోడపత్రికలో నదుల గురించి నన్ను రాయమన్నారు. నన్నే ఎందుకు రాయమన్నారో మా తరగతి వాళ్లందరికీ తెలుసు. తెలియని వాళ్లకు నేనే చెప్తాను. దాచుకుంటే మాత్రం దాగుతుందా?

సోషల్ పరీక్షలో "కుందూ నది ఏ నదిలో కలుస్తుంది?" అని ఒక మార్కు ప్రశ్న వచ్చింది. నేను "కృష్ణానది" అని రాసినాను. తప్పు. పెన్నానది అని రాయాల. నంద్యాల పక్కనే పారే ఏరు యాడికి పోతుందో తెలీదా అని అందరూ నవ్వినారు. నాకు ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. "మేడమ్, నేను మా అమ్మతో కృష్ణా డెల్టాకు పోయినాను. ఆ మన్ను మనదే అని మా అమ్మ చెప్పింది. అందుకే అట్ల రాసినా" అన్నాను. మేడమ్ నవ్వలేదు. "మీ అమ్మ మాట ఎంతవరకు నిజమో నువ్వే చూసి రాయి" అని చెప్పి అట్లాసు ఇచ్చినారు. ఇప్పుడు నేను రాసేది ఆ లెక్కే.

ముందు మా అమ్మ ఆ మాట ఎందుకు అనిందో చెప్పాల. మాది అహోబిలం దగ్గర చెంచు గూడెం. మా నాయన తేనె, కుంకుడుకాయలు, ఉసిరికాయలు తెస్తాడు. అవి లేని కాలంలో కూలి. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు, కింద ఊరి మేస్త్రీతో కలిసి మా అమ్మ మినుము పీకే పనికి రేపల్లె దిక్కుకు పోయింది. ఇంటి దగ్గర నన్ను చూసేవాళ్లు లేక నన్ను కూడా తీసుకపోయింది. నంద్యాలలో గుంటూరు రైలు ఎక్కినాము. గాజులపల్లె దాటినాక రైలు మన నల్లమలలో పడుతుంది. బొగద దగ్గర సొరంగం వస్తే నేను అమ్మ కొంగు పట్టుకున్నా. గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు. అక్కడి నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె. దారి పొడుగునా కొండలు, గుట్టలు, బండలు కనిపిస్తానే ఉన్నాయి. గుంటూరు దాటినాక ఒక్కొక్కటే తగ్గిపోయి, తెనాలి దాటితే ఏమీ లేవు. ఆకాశం నేలను తాకుతున్నట్లు ఉంటుంది. కంటికి అడ్డం వచ్చేది తాటిచెట్లు, కొబ్బరిచెట్లు, అంతే.

మొదటి రోజు సాయంత్రం పొయ్యి పెట్టాల. మా అమ్మ మూడు రాళ్లు తెమ్మని నన్ను పంపింది. నేను కాలువ గట్టు వెంబడి పోయినా, చేను గట్ల మీద పోయినా, ఊరి దాకా పోయినా. ఒక్క రాయి కూడా దొరకలేదు. ఉట్టి చేతులతో వస్తే మా అమ్మ నమ్మలేదు. "ఆడుకుంటా ఉండి వచ్చినావు" అని తిట్టి తనే పోయింది. ఆమె కూడా ఉట్టి చేతులతోనే వచ్చింది. "ఏందే పాపా ఈ ఊరు! కుక్కను కొట్టేదానికి కూడా రాయి ల్యాకపాయె!" అనింది. మేము కూలికి పోయిన ఆసామి తల్లి అది విని నవ్వి, మూడు ఇటుకలు ఇచ్చింది. "మా ఊళ్లో రాయి పుట్టదమ్మాయ్. మా రోలు కూడా కొండ ఉన్న ఊరినుంచి తెచ్చుకున్నదే" అనింది ఆ అవ్వ.

మరుసటి రోజు చేనులో మా అమ్మ మన్ను చేత్తో పిసికి చూసింది. నల్లగా, మెత్తగా, వెన్న మాదిరి ఉంది. "ఇది ఇక్కడ పుట్టిన మన్ను గాదు. కొండల మీద నుంచి వానకు కొట్టుకొచ్చిన మన్ను. రాళ్లు మన దగ్గరే నిలబడిపాయె, మన్ను ఈళ్లకు వచ్చె" అనింది. మా అమ్మ బడికి పోలేదు. పుస్తకంలో డెల్టా పాఠం చదివినప్పుడు, ఇది మా అమ్మ చెప్పిందే కదా అనుకున్నా.

ఇప్పుడు పాఠం చెప్తాను. కృష్ణానది మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల్లో పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం చాలా దగ్గర. కానీ నేల తూర్పుకు వాలి ఉంది కాబట్టి, దగ్గరి సముద్రాన్ని వదిలిపెట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతానికి పోతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాని దారి. దాంట్లో కలిసే వాటిలో భీమ, తుంగభద్ర పెద్దవి. కృష్ణకు నీళ్లు వచ్చే నేల మొత్తం దాదాపు 2,59,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కంటే చాలా ఎక్కువ. ఇంత నేల మీద పడిన వాన తలా ఇంత మన్ను మోసుకొస్తుంది.

ఆ మన్ను నల్లగా ఎందుకు ఉంటుందంటే, సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కింద దక్కను పీఠభూమి మీద లావా పారి గట్టిపడి నల్లరాయి అయింది. ఆ రాయి ఎండకు, వానకు చివికి నల్లరేగడి అయింది. ఏరు దాన్నే తెస్తుంది.

సరే, రాళ్లు ఎందుకు రావు? మీరు వాగులో చూసే ఉంటారు. నీళ్లు జోరుగా ఉన్న చోట గుండ్లు కూడా దొర్లుతాయి. జోరు తగ్గితే ముందు గుండ్లు ఆగిపోతాయి, తర్వాత గులకరాళ్లు, తర్వాత ఇసుక. అన్నిటికంటే చివరికి మెత్తని ఒండ్రు మాత్రం నీళ్లతో పోతా ఉంటుంది. ఇప్పుడు కృష్ణ ఎంత ఎత్తు నుంచి దిగుతుందో చూడండి. పుట్టిన చోటు సముద్రం కంటే 4,000 అడుగులకు పైన. మన శ్రీశైలం డ్యామ్ నిండితే నీటి మట్టం 885 అడుగులు. నాగార్జునసాగర్ 590 అడుగులు. విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 57 అడుగులు! అక్కడి నుంచి సముద్రానికి ఇంకా దాదాపు వంద కిలోమీటర్లు ఉంది. అంటే వంద కిలోమీటర్ల పొడవునా ఏరు ఆ 57 అడుగులే దిగాల. మన అహోబిలంలో దిగువ నుంచి ఎగువకు నడిచేవాళ్లు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కుతారు. అంత చదునుగా ఉంటే ఏరుకు జోరు యాడ ఉంటుంది? అందుకే మోసుకొచ్చిన మన్నంతా అక్కడ దించేస్తుంది. వేల ఏళ్లు అట్ల దించి దించి సముద్రంలో కొత్త నేల తయారు చేసింది. అదే డెల్టా. మేము మినుము పీకిన చేను ఒకప్పుడు సముద్రం అన్నమాట.

విజయవాడలో ఒక పక్క ఇంద్రకీలాద్రి, ఇంకో పక్క సీతానగరం కొండ. ఆ రెండు కొండల సందు దాటినాక ఏటికి అడ్డం లేదు. పులిగడ్డ దగ్గర ఏరు రెండుగా చీలుతుంది. ఆ పాయల మధ్య ఉన్నదే దివిసీమ. సముద్రం దగ్గరికి పోయేసరికి ఇంకా పాయలు అవుతుంది. డెల్టా అనేది గ్రీకు అక్షరం, మూడు మూలలు ఉంటుంది అని పుస్తకంలో ఉంది. నాకు అట్లాసులో చూస్తే కోడి కాలు మాదిరి కనిపించింది.

ఆ చివర నేను చూసినాను. మాఘ పౌర్ణమికి పని లేదని చెప్పి ఆసామి కూలోళ్లందరినీ ట్రాక్టర్లో హంసలదీవి తీసుకపోయినాడు. పెనుమూడి, పులిగడ్డ మధ్య పెద్ద వంతెన దాటి, అవనిగడ్డ, కోడూరు మీదుగా పోయినాము. అక్కడ ఏరు సముద్రంలో కలుస్తుంది. ఆ రోజు జనం వేలమంది స్నానాలు చేస్తారు. పక్కన మడ అడవులు ఉన్నాయి. అవి ఉప్పు నీళ్లలో బతికే చెట్లు, వేర్లు బురదలోంచి పైకి వస్తాయి. మా అమ్మకు సముద్రం కంటే అవే నచ్చినాయి. ఇది తినొచ్చా, అది తినొచ్చా అని అక్కడివాళ్లను అడుగుతానే ఉంది.

మన్ను ఒక్కటే ఉంటే పంట రాదు. 1832, 1833లో గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అంటారు, డొక్కల కరువు అని కూడా అంటారు. పక్కనే కృష్ణ పారుతా ఉంటే జనం ఆకలితో చచ్చిపోయినారు. ఏరు కింద, చేను పైన. వరద వస్తే మునగడం, వరద పోతే ఎండడం. తర్వాత ఆర్థర్ కాటన్ చెప్పిన ప్రకారం విజయవాడ దగ్గర ఆనకట్ట కట్టినారు. 1852లో మొదలై 1855లో అయిపోయింది. నీళ్లను ఆపి ఎత్తుకు తెచ్చి రెండు పక్కలా కాలువల్లోకి వదిలినారు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఒక పక్క. కొమ్మమూరు కాలువ ఇంకో పక్క. ఆ ఆనకట్ట 1952 వరదలో తెగింది. దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఇప్పుడు దాని కింద సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతుంది.

అక్కడి వ్యవసాయంలో నాకు వింతగా అనిపించింది మినుము. వరి కోతకు ముందే, పైరు నిలబడి ఉండగానే దాంట్లో మినుములు చల్లుతారు. వరి కోసినాక మినుము పైకి లేస్తుంది. దానికి మళ్లీ నీళ్లు పెట్టరు. నేలలో మిగిలిన తడి, రాత్రి మంచు, అంతే. ఆ మన్ను తడిని అంత గట్టిగా పట్టుకుంటుంది. మా నాయన కొండ కింద వేసే జొన్న చేను వాన పోయిన పది రోజులకే పగుళ్లు ఇస్తుంది. అయితే ఒక మాట. కాలువకు నీళ్లు ఆలస్యంగా వస్తే వరి ఆలస్యం, వరి ఆలస్యమైతే మినుము లేదు, మినుము లేకపోతే మా అమ్మకు ఆ నెల కూలి లేదు. కాబట్టి విజయవాడలో గేట్లు ఎప్పుడు ఎత్తుతారో అనేది మా గూడెం సంగతి కూడా.

డెల్టా అంటే అన్నీ మంచివే అనుకోవద్దు. 1977 నవంబరు 19న పెద్ద తుఫాను వచ్చి దివిసీమ మీదికి సముద్రం లేచి వచ్చింది. పదివేల మందికి పైగా చనిపోయినారు. ఎక్కడానికి గుట్ట లేదు, దాక్కోవడానికి బండ లేదు. రాళ్లు లేవని మేము నవ్వుకున్నామే, ఆ రాత్రి వాళ్లకు ఒక్క గుట్ట ఉంటే ఎంతమంది బతికేవాళ్లో. మాకు ఇటుకలు ఇచ్చిన అవ్వకు అప్పుడు పెండ్లయిన కొత్త. ఆ సంగతి చెప్తూ చెప్తూ మధ్యలో ఆపేసింది. మా అమ్మ ఇంక అడగలేదు.

ఏటి వరద కూడా అంతే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయినాయి. ఆ బ్యారేజీ కట్టినాక అదే అన్నిటికంటే ఎక్కువ. క్యూసెక్కు అంటే క్షణానికి ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు. మన స్నానాల గదిలో బకెట్ 14 లీటర్లు అనుకుంటే రెండు బకెట్లు. క్షణానికి దాదాపు 23 లక్షల బకెట్లు పోయినాయన్నమాట! మనం రోజుకు ఒక బకెట్ కోసం లైన్లో నిలబడి కొట్లాడుకుంటాము.

ఇప్పుడు అసలు సంగతి. వరద పోయినా, దానితో పోవాల్సిన మన్ను పోవడం లేదు. మధ్యలో ఆగిపోతా ఉంది. యాడ అంటే, మన నంద్యాల జిల్లాలోనే, శ్రీశైలంలో. డ్యామ్ వెనక నీళ్లు నిలబడి ఉంటాయి. నిలబడిన నీళ్లలో మన్ను కిందికి దిగిపోతుంది. కుండలో వాగు నీళ్లు పోసి రాత్రంతా పెడితే పొద్దునకు అడుగున మడ్డి ఉంటుంది చూడండి, అట్ల. శ్రీశైలం కట్టినప్పుడు దాంట్లో 308 టీఎంసీల నీళ్లు పట్టేవి. మళ్లీ కొలిస్తే 215 అని తేలింది. మిగతా 93 టీఎంసీల చోటు ఒండ్రు తినేసింది. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఒక ట్రాక్టర్ ట్రాలీకి వంద ఘనపుటడుగుల మన్ను పడుతుంది అనుకుందాము. వంద కోట్లను వందతో భాగిస్తే కోటి. అంటే ఒక్క టీఎంసీకి కోటి ట్రాలీలు, 93 టీఎంసీలకు 93 కోట్ల ట్రాలీలు! లెక్క తప్పేమోనని లెక్కల మేడమ్ దగ్గర కూడా చూపించినాను. సరిగ్గానే ఉంది.

శ్రీశైలం కింద సాగర్ ఉంది, పైన కర్ణాటకలో కూడా డ్యాములు ఉన్నాయి. ఇన్ని దాటి డెల్టాకు పోయే మన్ను ఇప్పుడు చాలా చాలా తక్కువ. కొత్త మన్ను రాకపోతే పాత మన్ను అణిగి కుంగుతుంది, సముద్రం ఒడ్డును కోస్తుంది, ఉప్పు నీళ్లు లోపలికి వస్తాయి. దివిసీమలో కొన్ని చోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్లే. డ్యామ్ వద్దు అని నేను అనడం లేదు. కరెంటు, నీళ్లు దానివల్లనే. కానీ ఆ డ్యామ్ కోసం ఇక్కడ సుమారు వంద ఊళ్లు మునిగినాయి, సంగమేశ్వరం గుడి మునిగింది. గుడి ఎండాకాలం నీళ్లు తగ్గితే బయటికి వస్తుంది, ఊళ్లు రావు. నీళ్ల కోసం ఊళ్లు వదిలినారు. ఇప్పుడు ఆ నీళ్ల చోటులో మూడో వంతు దాకా బురద ఉంది.

మా అమ్మ మాట సంగతి ఇంకా చెప్పలేదు. ఆ మన్ను మనదేనా?

ఆదివారం మా నాయన చూడడానికి వచ్చినప్పుడు అడిగినా, "నాయనా, మన వాగు యాడికి పోతాది?" అని. నాయన నేల మీద పుల్లతో గీసి చూపించినాడు. నల్లమల ఇంటి కప్పు మాదిరి అంట. ఒక వాన పడితే నీళ్లు వేరే వేరే చూర్ల నుంచి కారతాయి. అహోబిలం కొండల నీళ్లు పడమరకు ఆళ్లగడ్డ దిక్కు దిగి, వక్కిలేరు లాంటి వాగులతో కుందూకు చేరతాయి. గట్టుకు ఆ పక్క పడితే తూర్పుకు పోతాయి. అట్లాసు పక్కన పెట్టుకుని చూస్తే నాయన గీసింది సరిగ్గా ఉంది. ఆ తూర్పుకు పోయేది గుండ్లకమ్మ. గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం చెరువు నింపి, ఒంగోలు దిక్కున సముద్రంలో కలుస్తుంది. ఉత్తరాన ఆత్మకూరు దిక్కు భవనాశి పోయి సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన అహోబిలంలో కూడా భవనాశి ఉంది, ఆ పేరు ఒకటే అయినా అది వేరు. నేను తికమక పడింది సగం దీనివల్లనే.

కాబట్టి ఆత్మకూరు, శ్రీశైలం దిక్కు గూడేల నుంచి వచ్చిన అక్కలారా, డెల్టాలో ఉన్న మన్ను మీది. మాది కాదు. మా అహోబిలం మన్ను కుందూలో పడి, కమలాపురం దగ్గర పెన్నలో కలిసి, నెల్లూరు డెల్టాకు పోవాల. దానికీ మధ్యలో సోమశిల డ్యామ్ అడ్డం ఉంది.

నా జవాబు తప్పే. కానీ ఇంకొక సంగతి దొరికింది. శ్రీశైలం వెనక పోతిరెడ్డిపాడు దగ్గర గేట్లు ఉన్నాయి. అక్కడి నుంచి కృష్ణ నీళ్లు బనకచర్లకు వస్తాయి. బనకచర్లలో మూడు దిక్కులకు పంచుతారు. ఒకటి వెలుగోడు చెరువుకు, అక్కడి నుంచి తెలుగుగంగ కాలువలో మన కొండల కింద పోయి చివరికి చెన్నై వాళ్లు తాగడానికి. ఇంకొకటి శ్రీశైలం కుడి కాలువ. మూడోది నిప్పులవాగులో పడి, గాలేరు మీదుగా కుందూలోకి. అంటే కుందూ పోయి కృష్ణలో కలవదు, కృష్ణే వచ్చి కుందూలో కలుస్తా ఉంది. ఇది మేడమ్‌కు చెప్పి అర మార్కు అడిగినా. ఇవ్వలేదు.

డెల్టాకు కూడా ఇప్పుడు కృష్ణ ఒక్కటే కాదు. 2015 నుంచి పట్టిసీమ దగ్గర గోదావరి నీళ్లు ఎత్తి కాలువలో తెచ్చి విజయవాడ పైన కృష్ణలో కలుపుతున్నారు. అక్కడ గోదావరి వాడుకుంటే ఇక్కడ శ్రీశైలంలో నీళ్లు మనకు మిగులుతాయి అని చెప్పినారు.

పోయిన ఆదివారం అమ్మతో ఫోన్లో మాట్లాడినప్పుడు ఇదంతా చెప్పినా. "అమ్మా, మన మన్ను రేపల్లెకు పోలేదంట, నెల్లూరికి పోతాదంట" అన్నా. అమ్మ కాసేపు ఊరికే ఉండి, "నెల్లూర్లో మినుము పీకే దానికి కూలి ఎంతిస్తారంట?" అనింది. కనుక్కుంటానని చెప్పినా. నెల్లూరు దిక్కు చుట్టాలు ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. ఈ మాఘానికి అమ్మ మళ్లీ పోతుంది. నేను బడిలోనే ఉంటాను, ఆ మాట అమ్మే చెప్పింది.

కింద పటం నేనే వేసినాను. కృష్ణకు నీలం, గుండ్లకమ్మకు నలుపు. నీలం స్కెచ్ అయిపోయింది కాబట్టి కుందూ, పెన్నా ఆకుపచ్చ రంగులో ఉన్నాయి. చుక్క పెట్టింది మా గూడెం. మీ మీ గూడేలకు, తండాలకు పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, మీ వాన ఏ రంగు గీతలోకి పోతుందో చూసుకోండి. పెన్ను వాడొద్దు.

– 9వ తరగతి విద్యార్థిని